పేపర్ ఆక్టోపస్‌కు 6 చేతులే వస్తే సరిచేయాలా, వదిలేయాలా?

పేపర్‌పడవ:
మా పాపకు నాలుగేళ్ళు. సముద్రంలో ఉండే జీవులంటే ప్రాణం. నిన్న రంగు కాగితాన్ని గొట్టంలా చుట్టి అంటించి, కింది సగాన్ని పోగులుగా కత్తిరించి, వాటిని పెన్సిల్‌కి చుట్టి వంపులు తిప్పి ఆక్టోపస్ చేశాం. కత్తెర తనే పట్టుకుంది. 6 పోగులయ్యాక "అయిపోయింది" అని కళ్ళు గీసేసింది. వెడల్పుగా ఉన్న రెండు పోగుల్ని మధ్యకి కత్తిరించి 8 చేద్దామని నేను కత్తెర తీస్తే ఒకటే ఏడుపు. మా అత్తగారేమో "తప్పు అలవాటు చెయ్యకు, సరిచెయ్యి" అంటున్నారు. మీరైతే ఏం చేస్తారు?

బడిగంట:
సరిచేయాలండీ, సందేహమే లేదు. నేను నర్సరీ పిల్లలకు చెప్తాను. ఆ వయసులో చేత్తో చేసిందే బుర్రలో ఉండిపోతుంది. ఆక్టోపస్‌కి 8, పీతకి ముందు పట్టుకునే రెండు పెద్ద చేతులతో కలిపి 10. ఇవి అంటిస్తూ లెక్కపెడితే అంకెలు వాటంతటవే వస్తాయి. నేను ముందే గీతలు గీసి ఇస్తాను, ఏడుపుల గొడవే ఉండదు.

నీలికెరటం:
వదిలేయండి. పాప తన కత్తెరతో తను చేసుకుంది. దాని మీద మీ కత్తెర పడకూడదు.

కొత్తమ్మ:
గొట్టం అంటించడానికి ఏ జిగురు వాడారు? మాది ఎండేలోపే విడిపోతోంది.

సాగరఘోష:
ఆక్టోపస్ చెయ్యి తెగిపోతే మళ్ళీ మొలుస్తుంది. ఏ శత్రువో కొరికేస్తే కొన్నాళ్ళు తక్కువ చేతులతోనే తిరుగుతుంది. కాబట్టి 6 చేతుల బొమ్మను తప్పనలేం. నన్నడిగితే అసలు తప్పు తిమింగలం తోక దగ్గర జరుగుతోంది. అందరూ చేప తోకనే నిలువుగా అంటిస్తున్నారు. చేప తోకను పక్కలకు ఊపుతుంది, తిమింగలం పైకీ కిందికీ ఆడిస్తుంది. కాగితాన్ని అడ్డంగా పరిచి అంటించాలి. సముద్రపు తాబేలు తల లోపలికి జరిగేలా చేస్తారు, అదీ తప్పే. అది తలను డిప్పలోకి ముడుచుకోలేదు.

బడిగంట:
సాగరఘోష గారూ, తెగిన చెయ్యి సంగతి నాలుగేళ్ళ పిల్లకు చెప్తామా? ముందు మామూలు ఆక్టోపస్ తెలియాలి కదా!

సాగరఘోష:
ఎందుకు చెప్పకూడదు? తెగింది మళ్ళీ వస్తుందంటే పిల్లలు కళ్ళింతచేసి వింటారు. తోక గురించి మాత్రం ఎవరూ మాట్లాడరేం?

చిన్నిచేతులు:
గీసిచ్చిన గీతల మీద ఒక మాట. నాలుగేళ్ళకి చాలామంది తిన్నటి గీత మీద తంటాలుపడి కత్తిరిస్తారు, వంపులు ఆ తర్వాత వస్తాయి. అందుకే జెల్లీ ఫిష్, ఆక్టోపస్ ఈ వయసుకి సరిపోతాయి, వాటికి కావలసింది పోగులే. తాబేలు డిప్ప, పీత ఒళ్ళు గుండ్రం కాబట్టి కష్టం. బొటనవేలు పైకి ఉందో లేదో చూడండి. కిందికి తిరిగితే మోచెయ్యి రెక్కలా లేస్తుంది, కోత వంకరపోతుంది. వంపు వచ్చినచోట కత్తెర తిప్పకుండా రెండో చేత్తో కాగితాన్ని తిప్పడం నేర్పాలి. పల్చటి కాగితం కత్తెరలో మడతపడుతుంది, కాస్త మందంగా ఉన్నది ఇవ్వండి. ఎడమచేతి వాటం పిల్లలకు ఎడమచేతి కత్తెరే ఇవ్వాలి. మామూలు కత్తెరలో పై అంచు గీతను కప్పేస్తుంది, పాపం ఎక్కడ కోస్తున్నారో వాళ్ళకే కనిపించదు.

పేపర్‌పడవ:
ఇది చాలా పనికొచ్చింది, థ్యాంక్సండీ.

నీలికెరటం:
బడిగంట గారూ, "గీతలు గీసి ఇస్తాను" అన్నారు కాబట్టి అడుగుతున్నా. గీతలతోనే ఆగుతారా? మావాడి బడిలో ఆగలేదు. పేపర్ ప్లేటుతో పీత చేశారని ఇంటికి పంపారు. కాళ్ళన్నీ ఒకే కొలత, జిగురు మరక ఒక్కటి లేదు. "భలే చేశావురా" అంటే, "నేను రంగే వేశాను నాన్నా, అది మేడం పీత" అన్నాడు. దాన్ని ముట్టుకోలేదు కూడా. అప్పట్నుంచి బొమ్మలు చేద్దామంటే "నాకు రాదు, నువ్వే చెయ్యి" అని కాగితం నా చేతిలో పెడుతున్నాడు. ఇది మీలాంటి టీచర్ల పుణ్యమే.

బడిగంట:
మీ బడి కోపం నా మీద చూపిస్తే ఎలా? 20 మంది పిల్లలుంటారు నా దగ్గర. అరగంటలో అందరికీ జిగురు పుయ్యాలి, కత్తెర పట్టించాలి, వేళ్ళు తెగకుండా చూడాలి. సాయంత్రానికి ఫోటోలు పెట్టాలి. పెట్టిన పది నిమిషాల్లో మెసేజ్: "మావాడిది మాత్రం ఎందుకంత వంకరగా ఉంది? మీరు పట్టించుకోవట్లేదా?" పక్క పిల్లాడి బొమ్మతో పోల్చి ఒకావిడ నేరుగా ప్రిన్సిపాల్ దగ్గరికే వెళ్ళారు. ఆ రోజు నేను పడ్డ మాటలు మీకు తెలియవు. పిల్లల బొమ్మ అలాగే పంపితే టీచర్‌కి పని రాదంటారు, సరిచేసి పంపితే పిల్లాడి మనసు విరిచేశామంటారు. ఎవరి కోసం చేస్తున్నామో ముందు మీ తల్లిదండ్రులు తేల్చుకోండి.

సాగరఘోష:
మాట్లాడుకుంటున్నది ఆక్టోపస్ గురించి కదా.

నీలికెరటం:
కాదండీ, ఇప్పుడే అసలు సంగతి బయటికొచ్చింది. బొమ్మ ఫోటో కోసమా, పిల్లాడి కోసమా? నేనైతే వంకర పీత వచ్చుంటే ఇంట్లో అద్దం పక్కనే పెట్టేవాణ్ణి. మెసేజ్ పెట్టే తల్లిదండ్రులు కొందరైతే, శిక్ష అందరి పిల్లలకా?

బడిగంట:
మీలాంటి వాళ్ళు ఒక్క మెసేజ్ పెట్టరు. వంకర బొమ్మ నచ్చినవాళ్ళు మౌనంగా ఉంటారు, నచ్చనివాళ్ళే మాట్లాడతారు. ప్రిన్సిపాల్ చెవిన పడేది ఆ ఒక్క గొంతే. "ఇది మావాడు సొంతంగా కత్తిరించాడు, సంతోషం" అని నాకు ఇంతవరకూ ఎవరూ రాయలేదు.

నీలికెరటం:
ఈసారి బడి నుంచి వంకర బొమ్మ వస్తే ఆ మాట గ్రూపులో అందరికీ కనిపించేలా రాస్తాను. అంతమాత్రాన ఆ పీత విషయంలో జరిగింది సరైంది అయిపోదు.

బడిగంట:
రాయండి, అదే చాలు. 8 మీద మాత్రం నేను తగ్గను. పేపర్‌పడవ గారూ, చేసినదాన్ని ముట్టుకోకండి, పాప ఏడుపు న్యాయమే. కొత్తది చేసేటప్పుడు గొట్టంగా చుట్టకముందే కాగితాన్ని నిలువుగా సగానికి, మళ్ళీ సగానికి, ఇంకోసారి సగానికి మడిపించండి. విప్పితే 8 భాగాలు, మధ్యలో 7 మడతగీతలు ఉంటాయి. సగం ఎత్తు వరకూ ఆ గీతల మీద తనే కత్తిరిస్తుంది. గొట్టం అంచులు ఒకదాని మీద ఒకటి ఎక్కించకండి, ఒక పోగు ఇంకోదాని కిందికి పోతుంది. లోపలివైపు చిన్న ముక్క అతుకు వెయ్యండి.

నీలికెరటం:
నాలుగేళ్ళ పిల్ల మూడు మడతలు సరిగ్గా పెట్టగలదా?

చిన్నిచేతులు:
అంచులు తను కలిపి పట్టుకుంటుంది, గోటితో గీటడం పెద్దవాళ్ళు చేస్తే సరిపోతుంది. కొత్తమ్మ గారూ, జిగురు పల్చగా రాసి, ఆరేదాకా రెండు అంచుల దగ్గరా పేపర్ క్లిప్ పెట్టి ఉంచండి. తర్వాత క్లిప్ జాగ్రత్తగా తీసి దాచేయండి. చిన్న ప్లాస్టిక్ కళ్ళు మూడేళ్ళలోపు పిల్లల దగ్గర అసలొద్దు, నోట్లో పెట్టుకుంటారు.

సాగరఘోష:
తిమింగలం తోక అడ్డంగా. ఎవరైనా చేస్తే ఇక్కడ పెట్టండి, చూస్తాను.