నెలల తరబడి వదిలే కారుకు హ్యాండ్ బ్రేక్ వేయాలా, వద్దా?

సైనిక్‌పురి వాసి:
మా అమ్మానాన్నలు జూన్ మొదట్లో అక్క దగ్గరికి అమెరికా వెళ్లి డిసెంబర్‌లో వచ్చారు. అంటే వానాకాలమంతా కారు సెల్లార్‌లోనే ఉంది. నాన్న వెళ్లే ముందురోజు సాయంత్రం దాన్ని శుభ్రంగా కడిగించి, కవర్ కప్పి, హ్యాండ్ బ్రేక్ గట్టిగా లాగి మరీ వెళ్లారు. వచ్చాక బ్యాటరీ మార్చి స్టార్ట్ చేస్తే ఇంజన్ బాగానే అందుకుంది, బండి మాత్రం అంగుళం కదల్లేదు. వెనక ఎడమ చక్రం పట్టేసింది. ఆ రోజు నేను ఆఫీసులో ఉన్నాను. వాచ్‌మన్, పై ఫ్లాట్ అంకుల్ కలిసి ఇంకో బండికి టోచన్ కట్టి లాగించారు. ఠప్పుమని చప్పుడొచ్చి చక్రం తిరిగింది, అందరూ హమ్మయ్య అనుకున్నారు. మర్నాడు నేరేడ్‌మెట్ దాటేసరికి బ్రేక్ తొక్కినప్పుడల్లా గరగరమంటోంది. డ్రమ్ము, అంటే చక్రంతో పాటు తిరిగే ఇనుప గిన్నె లాంటిది విప్పిస్తే, బ్రేక్ వేసినప్పుడు లోపలి నుంచి దానికేసి ఒత్తుకునే షూ మీద అతికించిన లైనింగ్ పొర ఊడిపోయి రెండు ముక్కలుగా పడి ఉంది. ఆ ముక్క షూకీ డ్రమ్ముకీ మధ్య ఇరుక్కుని ఉంటే నడిరోడ్డు మీద చక్రం లాక్ అయ్యేది. బండిలో అమ్మ కూడా ఉంది.

అందుకే నేననేది ఏంటంటే, చదునుగా ఉన్న సెల్లార్‌లో నెలలపాటు వదిలే కారుకు హ్యాండ్ బ్రేక్ వేయకూడదు. ఫస్ట్ గేర్‌లో పెట్టి, చక్రాలకు ముందూ వెనకా రాళ్లు పెడితే చాలు. నాన్న అస్సలు ఒప్పుకోవడం లేదు. ముప్పై ఏళ్లలో ఒక్కసారి కూడా హ్యాండ్ బ్రేక్ వేయకుండా బండి దిగలేదు, ఇప్పుడూ దిగను అంటున్నారు. మీరేమంటారు?

బంజారాహిల్స్ అమ్మ:
మీ నాన్నగారే కరెక్ట్. మా అపార్ట్‌మెంట్ సెల్లార్ కూడా చూడ్డానికి చదునే, కానీ కడిగిన నీళ్లు కాలువలోకి పోవాలి కాబట్టి సన్నగా వాలు ఉంటుంది, అది కంటికి తెలీదు. మాకు ఒకదాని వెనక ఒకటి పార్కింగ్. వెనక కారు వాళ్లు హ్యాండ్ బ్రేక్ వేయకుండా న్యూట్రల్‌లో వదిలేయాలి, వాచ్‌మన్ నెట్టుకుంటాడు అని అసోసియేషన్ వాళ్లే రూల్ పెట్టారు. పోయినేడాది అలా నెట్టిన బండి ఆగకుండా జారి మా వాడి సైకిల్‌ని పిల్లర్‌కేసి నొక్కేసింది. వాడు అప్పుడే దిగి లిఫ్ట్ దగ్గరికి నడిచాడు. ఆ సైకిల్ హ్యాండిల్ ఎలా వంగిపోయిందో తలుచుకుంటే నాకిప్పటికీ చేతులు వణుకుతాయి. షూ పోతే కొత్తది కొనుక్కోవచ్చండీ.

సైనిక్‌పురి వాసి:
మేడమ్, చదువుతుంటేనే భయమేసింది. కానీ అక్కడ తప్పు న్యూట్రల్‌ది. నేను న్యూట్రల్‌లో వదలమనడం లేదు. గేర్‌లో ఉన్న బండిని వాచ్‌మన్ నెట్టినా అంత తేలిగ్గా కదలదు.

నల్లకుంట 27:
చట్టం సంగతి కూడా చూడండి. మోటారు వాహనాల చట్టం 1988, సెక్షన్ 126. బహిరంగ స్థలంలో బండి నిలిపి, డ్రైవర్ సీటులో లైసెన్సున్న మనిషి లేనప్పుడు ఇంజన్ ఆపి బ్రేక్ వేసి ఉండాలి, లేదా బండి దానంతటది కదలకుండా ఇంకేదైనా ఏర్పాటు చేసి ఉండాలి. ఆ 'లేదా' ముఖ్యం. గేరూ, రాళ్లూ ఆ ఏర్పాటు కిందికే వస్తాయని నా అభిప్రాయం. న్యూట్రల్‌లో వదిలేయడం మాత్రం ఏ లెక్కలోకీ రాదు. మేడమ్, ఆ రూల్ మార్చమని అసోసియేషన్ మీటింగ్‌లో గట్టిగా అడగండి.

రామంతాపూర్ షెడ్డు:
నేను పాతికేళ్లుగా ఇదే పనిలో ఉన్నాను. ఏటా వానలు తగ్గాక ఇలాంటివి వస్తూనే ఉంటాయి. 2020 అక్టోబర్‌లో సెల్లార్లు మునిగినప్పుడు ఎన్ని డ్రమ్ములు కొట్టామో లెక్కలేదు.

తమ్ముడూ, మీ నాన్నగారు హ్యాండ్ బ్రేక్ వేయడం కంటే కడిగించిన వెంటనే వేయడం పెద్ద తప్పు. డ్రమ్ము పోత ఇనుము. నీళ్లు లోపలికి వెళ్లి, తడి ఆరకముందే షూని దానికేసి నొక్కి ఉంచితే ఆ మధ్యలో తుప్పు పట్టి రెండూ అతుక్కుపోతాయి. కడిగాక రెండు కిలోమీటర్లు తిప్పి, నాలుగుసార్లు బ్రేక్ తొక్కితే ఆ వేడికి ఆరిపోయేది. అయినా ఆరు నెలలంటే, అందులో వానాకాలమంటే, ఆరబెట్టినా నాకు నమ్మకం లేదు. రెండు మూడు వారాలకు మించితే నేనైతే హ్యాండ్ బ్రేక్ దించేస్తాను. రోడ్డు మీద, వాలు మీద అయితే ఎన్నాళ్లైనా వేయాల్సిందే, అందులో రెండో మాట లేదు.

ఇక పట్టేసిన బండిని టోచన్‌తో లాగొద్దు. అతుక్కున్న చోట లైనింగ్ గట్టిగా ఉండి, షూ మీద జిగురు బలహీనంగా ఉంటే ఊడేది జిగురే. మీకు అదే జరిగింది. ముందు పట్టింది షూనా, హ్యాండ్ బ్రేక్ లీవర్ నుంచి చక్రానికి వెళ్లే కేబులా చూసుకోవాలి. లీవర్ కిందికి దించి, బండి కిందికి దూరకుండా పక్క నుంచి టార్చి వేసి, చక్రం వెనక కేబుల్‌ని వేలితో కదపండి. వదులుగా ఆడితే కేబుల్ వెనక్కి వచ్చేసింది, అతుక్కున్నది షూ. తీగలాగా బిగుసుకుని ఉంటే కేబుల్ దాని గొట్టంలోనే తుప్పు పట్టింది, అది మార్చాల్సిందే, ఎంత కొట్టినా లాభం లేదు.

షూ అయితే మొదట క్లచ్ మెల్లగా వదులుతూ ఒకసారి ఫస్ట్, ఒకసారి రివర్స్, అలా నాలుగైదుసార్లు ఊపండి. టక్‌మంటే వచ్చేసినట్టే. రాకపోతే ఆపేయండి. యాక్సిలరేటర్ తొక్కితే క్లచ్ కాలిన వాసన తప్ప ఏమీ రాదు. ఆ తర్వాత చక్రం విప్పాలి. ముందు చక్రాలకు రెండు వైపులా అడ్డు పెట్టండి, ఇది మర్చిపోవద్దు, ఎందుకంటే ఇప్పటిదాకా బండిని పట్టుకుని ఉన్నది ఆ జామే, అది వదిలిందంటే బండి కదులుతుంది. నట్లు నేల మీద ఉండగానే వదులు చేసి, జాకీ ఎత్తి, కింద స్టాండు పెట్టాలి. జాకీ ఒక్కదాన్నే నమ్మి ఎవరూ చెయ్యి పెట్టొద్దు. డ్రమ్ము మీద చెక్క దిమ్మ ఆనించి సుత్తితో చుట్టూ తట్టుకుంటూ రండి. అంచు మీద నేరుగా కొడితే పోత ఇనుము చిట్లుతుంది. చాలావాటికి పది పదిహేను దెబ్బల్లో వదిలేస్తుంది. వదలకపోతే చాలా కార్ల డ్రమ్ముకి రెండు మరల రంధ్రాలు ఉంటాయి, వాటిలో సరైన సైజు బోల్టులు పెట్టి ఇటు కాస్త అటు కాస్త బిగిస్తుంటే డ్రమ్ము బయటికి వస్తుంది.

లోపల తుప్పుని ఎమ్రీ కాగితంతో రుద్దండి. ఆ దుమ్ముని నోటితో ఊదొద్దు, తడిగుడ్డతో తుడవండి. తుప్పు వదిలించే నూనె స్ప్రే మాత్రం డ్రమ్ములోకి కొట్టొద్దు. లైనింగ్ నూనె పీల్చిందంటే ఇక ఆ చక్రానికి బ్రేక్ లేనట్టే, షూలు పారేయాల్సిందే.

మణికొండ కొత్త బండి:
అన్నా, మాది బటన్ నొక్కే హ్యాండ్ బ్రేక్. దానికీ ఇదేనా?

రామంతాపూర్ షెడ్డు:
అందులో చిన్న మోటారు ప్యాడ్లని, అంటే చక్రం దగ్గర డిస్క్‌ని రెండు వైపులా పట్టే పలకల్ని బిగిస్తుంది కాబట్టి పట్టే భయం దానికీ ఉంది, కాకపోతే అసలు తలనొప్పి బ్యాటరీ. బ్యాటరీ దిగిపోతే బటన్ నొక్కినా వదలదు. ముందు జంప్ స్టార్ట్ ఇచ్చి చూడాలి. కొన్ని మోడళ్లలో ఇంజన్ ఆపగానే బ్రేక్ దానంతటదే పడుతుంది. మీ బండి మాన్యువల్ చూసుకోండి.

బంజారాహిల్స్ అమ్మ:
షెడ్డు అన్నగారు చెప్పింది అర్థమైంది, వాలు మీద వేయాల్సిందే అన్నందుకు థాంక్స్. కానీ రాళ్ల మీద నాకు నమ్మకం లేదు. మా సెల్లార్‌లో ఆ రాళ్లే సాయంత్రానికి పిల్లల క్రికెట్ వికెట్లు అవుతాయి. ఆరు నెలల తర్వాత అక్కడ రాయి ఉంటుందని ఎవరు చెప్పగలరు? నేనైతే హ్యాండ్ బ్రేక్ వేసి, తాళం తెలిసినవాళ్లకిచ్చి, పదిహేను రోజులకోసారి కాలనీలో ఒక రౌండు తిప్పమంటాను. బ్యాటరీ కూడా బతుకుతుంది.

సైనిక్‌పురి వాసి:
తిప్పేవాళ్లు దొరికితే అంతకంటే ఏం కావాలి మేడమ్, మీరన్నది ఒప్పుకుంటున్నాను. దొరకనివాళ్ల గురించే నా బాధ. అన్న రాసిందంతా నాన్నకి చదివి వినిపించాను. కడిగిన రోజు వేయకూడదు అన్నదానికి మాత్రం తల ఊపారు. అన్నా, ఎడమ వైపు షూలు మార్చారు, కుడి చక్రం బాగానే తిరుగుతోంది. అది కూడా విప్పించాలా?

రామంతాపూర్ షెడ్డు:
తప్పకుండా. షూలు రెండు వైపులా కలిపే మార్చాలి తమ్ముడూ, లేకపోతే గట్టిగా బ్రేక్ తొక్కినప్పుడు బండి ఒక పక్కకి లాగుతుంది. అదే చేత్తో రెండు కేబుళ్లూ చూడమనండి. విప్పినప్పుడు నువ్వు పక్కనే నిలబడు.