14వ లూయీ నిజంగా గొప్ప రాజేనా?

చరిత్రప్రియ:
ఫ్రాన్స్‌ను 72 ఏళ్లు ఏలిన 14వ లూయీ పేరెత్తితే చాలు, ‘నేనే రాజ్యం’ అన్న నియంత అని కొట్టిపారేస్తారు. ఆ మాట ఆయన అన్నట్టు ఆధారమే లేదు. నా మటుకు ఆయన గొప్ప రాజు. పాలన పగ్గాలు స్వయంగా చేపట్టిన 1661లోనే నృత్య అకాడమీ పెట్టాడు. 1666లో విజ్ఞాన అకాడమీ, 1669లో ఒపేరా (పాటలతో నడిచే నాటకం) అకాడమీ వచ్చాయి. తానూ మంచి నర్తకుడే. ఈనాటికీ ఏ దేశంలో బాలే నృత్యం నేర్పినా అడుగుల పేర్లు ఫ్రెంచిలోనే చెబుతారు.

కాలువగట్టు:
చరిత్రప్రియ గారూ, అకాడమీల మాట కాదనను. ఆయన కట్టించిన వెర్సాయ్ రాజభవనం నీళ్ల సంగతి కూడా చూడండి. ఫౌంటెన్లన్నిటికీ నీళ్లు చాలేవి కావు. రాజుగారు తోటలో నడుస్తుంటే ముందున్న ఫౌంటెన్‌కు నీళ్లు వదిలి, ఆయన దాటగానే కట్టేసేవారు. పనివాళ్లు ఈలలు వేసుకుంటూ ఒకరికొకరు కబురు అందించేవారు. సేన్ నది నీళ్లు ఎక్కించడానికి మార్లీ దగ్గర 14 పెద్ద చక్రాల యంత్రం కట్టారు. అదీ చాలలేదు. 1685లో యూర్ నదిని మళ్లిస్తామని వేలమంది సైనికులను తవ్వకానికి దింపారు. జ్వరాలతో ఎందరో రాలిపోయారు. 1688లో యుద్ధం రాగానే పని ఆగింది. ఆ నీళ్లు పారించడానికి మేంతెనోన్ దగ్గర కడుతూ సగంలో ఆపేసిన వంతెన కమానులు ఇప్పటికీ ఉన్నాయి. యూర్ నీళ్లు మాత్రం వెర్సాయ్ చేరనేలేదు. కాలువ కింద సేద్యం చేసే ఇంట్లో పుట్టినవాణ్ణి. పొలానికి కాక ఫౌంటెన్‌కు నదిని మళ్లించబోయిన రాజును మెచ్చుకోవడం నా వల్ల కాదు. ఆ తర్వాత 1693–94 కరువులో పది లక్షల మందికి పైగా చనిపోయారు. యుద్ధం అప్పుడూ ఆగలేదు.

పడుగుపేక:
కళాపోషణ అంటున్నారు కాబట్టి నేత గురించి ఒక మాట. 1685లో ప్రొటెస్టెంట్ల మతస్వేచ్ఛను రద్దు చేస్తే దాదాపు రెండు లక్షల మంది దేశం విడిచిపోయారు. వారిలో పట్టు నేతగాళ్లు లండన్ వెళ్లి మగ్గాలు పెట్టుకున్నారు. మనకూ ఇందులో వాటా ఉంది. ఆయన హయాంలో 1664లో పుట్టిన ఫ్రెంచి కంపెనీ 1669లో మన మచిలీపట్నంలో వర్తక స్థావరం తెరిచింది. ఇక్కడి అద్దకం బట్టలంటే ఫ్రాన్స్‌లో అంత మోజు. 1686లో తమ పట్టు, ఉన్ని పరిశ్రమలను కాపాడుకోవడానికి అదే ప్రభుత్వం ఆ బట్టలను నిషేధించింది. ఆ నిషేధం 1759 దాకా సాగింది. తన కొలువులో పుట్టిన కళకే ఆయన గొడుగు పట్టాడు.

చరిత్రప్రియ:
మతస్వేచ్ఛ రద్దును నేను సమర్థించను, అది ఘోరమే. అద్దకం బట్టల సంగతి నాకు కొత్త. అయినా వెర్సాయ్‌లోని అద్దాల మందిరంలో ఉన్న 357 అద్దాలను చూడండి. వెనిస్ రహస్యంగా దాచుకున్న పనితనాన్ని తెచ్చి ఫ్రాన్స్‌లో పాతుకునేలా చేశారు. అది రాజుతో పోలేదు.

కాలువగట్టు:
అద్దాలు మిగిలాయి, నిజమే. అదే మందిరంలోని వెండి సామాను మాత్రం 1689లో యుద్ధ ఖర్చుకు కరిగించేశారు. 1715లో చావు మంచం మీద ఉండి, ఐదేళ్ల మునిమనవడితో ఆయన చెప్పిన మాట కూడా అదే కదండీ: కట్టడాల మీద, యుద్ధాల మీద నాకున్న మోజు నువ్వు పెంచుకోకు అని.