హీట్ చివర్లో నీల్ వెనక్కి తిరగడం స్నేహధర్మమా, పంతమా?

రాత్రిబండి:
మైకేల్ మాన్ తీసిన హీట్ (1995) గురించి. కథంతా చెప్పేస్తున్నాను, చూడనివాళ్ళు ముందు సినిమా చూసి రండి.

బ్యాంకు దోపిడీ బెడిసికొట్టింది, ముఠా చెల్లాచెదురైంది. అయినా నీల్ మెకాలీ (రాబర్ట్ డి నీరో) దాదాపు బయటపడ్డాడు. పక్క సీట్లో ప్రియురాలు ఈడీ ఉంది, విమానం ఎక్కడమే మిగిలింది. అప్పుడు ఫోన్లో అతని సహాయకుడు నేట్ ఒక మాట చెప్తాడు: ముఠాకు ద్రోహం చేసిన వేన్‌గ్రో ఎయిర్‌పోర్టు దగ్గర హోటల్లో ఉన్నాడట. నీల్ కాసేపు తటపటాయించి బండి అటు తిప్పేస్తాడు. ఎవర్ని అడిగినా 'ముఠాలోని స్నేహితుడు ట్రేహో కోసం వెళ్ళాడు, దోస్తీ అంటే అదీ' అంటారు. నేను ఒప్పుకోను.

ట్రేహో అప్పటికే పోయాడు. బతికున్నది ఈడీ. అతను దొంగని తెలిశాక కూడా అన్నీ వదులుకుని ఆ కారెక్కిన మనిషి. ఆమెను హోటల్ బయట కూర్చోబెట్టి లోపలికెళ్ళి ఒకణ్ణి చంపి వచ్చాడు. పోలీసు హానా కనబడగానే, ఆమె చూస్తుండగానే వెనక్కి అడుగులేసి వెళ్ళిపోయాడు. పోలీసు వాసన తగిలితే 30 సెకన్లలో వదిలేసి పోలేనిదాన్ని దేన్నీ దగ్గర పెట్టుకోకూడదనేది అతని నియమం. ఆ నియమం ప్రకారం ప్రేమించిన మనిషిని వదిలేయగలిగాడు, పగను మాత్రం వదల్లేకపోయాడు. ఇందులో విశ్వాసం ఎక్కడుంది?

సెకండ్‌షో:
ట్రేహో ఎలా పోయాడో కూడా చెప్పాలి కదా భయ్యా. వేన్‌గ్రో వాళ్ళు అతన్ని చిత్రహింసలు పెట్టి రహస్యం రాబట్టారు, భార్యను చంపేశారు. నీల్ వెళ్ళేసరికి కొన ఊపిరితో ఉన్నాడు. ఆమె లేదని తెలిశాక తననీ చంపేయమని అడిగాడు. స్నేహితుణ్ణి తన చేత్తోనే కాల్చాల్సి వచ్చింది. వేన్‌గ్రో సంగతి వదిలేసి ఏ దేశమో వెళ్ళిపోతే ఈ మనిషి ఒక్కరాత్రైనా నిద్రపోగలడా? ఈడీ పక్కన ఉండేది సగం చచ్చిన మనిషే.

రాత్రిబండి:
ఆ సీన్ నన్నూ కుదిపేసింది. కానీ లెక్క మొదట్నుంచీ చూడండి. ట్రక్కు దోపిడీలో వేన్‌గ్రో అనవసరంగా ఒక గార్డును కాల్చాడు, నిజమే. మిగిలినవాణ్ణి కూడా లేపేయమని ముఠాలోని చెరిటోకు సైగ చేసింది నీలే. ఆ గార్డులకీ ఇళ్ళున్నాయి. ప్రాయశ్చిత్తం మాట వస్తే అది అక్కడ మొదలవ్వాలి. ఇంకొకడి నెత్తిన పాపమంతా పెట్టి వాణ్ణి కాల్చేస్తే మనది కడుక్కుపోదు.

పైగా నీల్ మెకాలీ పేరున్న దొంగ నిజంగానే ఉండేవాడు. 1964లో షికాగోలో ఒక దోపిడీ తర్వాత డిటెక్టివ్ చక్ ఆడమ్సన్ చేతిలో చనిపోయాడు. మాన్‌కు ఆ కథ చెప్పింది ఆడమ్సనే. వేన్‌గ్రో కోసం వెనక్కి తిరగడం సినిమా కోసం అల్లిన ముగింపు. కావాలని పెట్టిన ఆ మలుపును మనం మెచ్చుకోవాలా, చూసి బాధపడాలా అన్నదే నా ప్రశ్న.

గోదారమ్మాయి:
మీరిద్దరూ నీల్ దగ్గరే ఆగిపోయారు. నా లెక్కలో ఈ సినిమాలో నిజమైన విశ్వాసం చూపింది చార్లీన్ (ఆష్లీ జడ్). నీల్ ముఠాలో ఉండే భర్త క్రిస్ జూదగాడు, ఆమెకీ వేరే సంబంధం ఉంది, ఆ కాపురం ఎప్పుడో విరిగిపోయింది. పోలీసులు ఆమెను ఎరగా పెట్టారు, సహకరించకపోతే కొడుకు దూరమవుతాడని భయపెట్టారు. అయినా బాల్కనీలోంచి చేతిని కొంచెం కదిపి 'వెళ్ళిపో' అని సైగ చేసింది. మళ్ళీ ఆ మనిషిని చూసే ఆశ లేదని తెలిసే చేసింది. ఆమెకు ఏ నియమావళీ లేదు, కాపాడుకోవాల్సిన పేరూ లేదు.

ఇంకొకటి, బ్రీడన్ మాటెవరూ ఎత్తలేదు. జైలు నుంచి వచ్చి హోటల్లో గ్రిల్ దగ్గర పనిచేస్తుంటాడు. జీతంలోంచి యజమాని వాటా కొట్టేసినా పళ్ళ బిగువున భరిస్తాడు. అతన్ని చూసి గర్వపడే లిలియన్ ఇంట్లో ఉంది. ప్రాయశ్చిత్తం దారిలో నిజంగా నడుస్తున్నవాడు ఆ ఒక్కడే. పాత జైలు స్నేహంతో నీల్ వచ్చి డ్రైవర్‌గా రమ్మంటే నిమిషంలో ఏప్రన్ విప్పేశాడు, ఆ రోజే చనిపోయాడు. నీల్ స్నేహం బ్రీడన్‌కి ఇచ్చింది అదే. దీనికి ఎవరు సమాధానం చెప్తారు?

పాతరీలు:
రిఫిఫీ (1955) అనే ఫ్రెంచి దోపిడీ సినిమా చూసినవాళ్ళున్నారా? అందులో టోనీ అచ్చం నీల్ తరహా మనిషి. స్నేహితుడు జో కోసం నేరం తన మీద వేసుకుని జైలుకెళ్ళి వచ్చాడు. భయపడి ముఠా గుట్టు చెప్పేసిన సెజార్‌ని కట్టేసి ఉండగా కాల్చేస్తాడు. నువ్వంటే ఇష్టమే, కానీ నియమం నీకూ తెలుసు కదా అని చెప్పి మరీ కాలుస్తాడు. ఆ సెజార్ వేషం వేసింది ఎవరో కాదు, దర్శకుడు జూల్స్ డాసిన్. తోటి దర్శకుడు కమ్యూనిస్టులను వెతికే అమెరికా విచారణ కమిటీ ముందు తన పేరు చెప్పాక హాలీవుడ్‌లో పని దొరకక యూరప్ వెళ్ళిన మనిషి. అలాంటివాడు పేర్లు చెప్పేసినవాడి వేషం తనే వేసి, వాణ్ణి చూసి మనకు జాలి కలిగేలా చేశాడు. ద్రోహిని చంపడం ధర్మమని అంత తేలిగ్గా అనేవాళ్ళు ఆ సీన్ ఒకసారి చూడాలి.

అదే టోనీ చివర్లో బుల్లెట్ దెబ్బతో రక్తం కారుతుండగా జో కొడుకుని కార్లో పారిస్ అంతా దాటించి తల్లి దగ్గరికి చేర్చి ప్రాణం వదులుతాడు. నా మనసులో అతనికి విముక్తి దొరికింది ఆ ప్రయాణంలోనే, సెజార్‌ని కాల్చినప్పుడు కాదు.

సెకండ్‌షో:
చార్లీన్ విషయంలో గోదారమ్మాయి గారి మాటకు ఎదురు లేదు. కానీ ఒకటి మర్చిపోతున్నారు. వేన్‌గ్రో ఆడపిల్లల్ని చంపే మనిషి. నీల్ వెళ్ళకపోతే ఇంకెంతమంది బలయ్యేవాళ్ళో.

రాత్రిబండి:
ఆ సంగతి మనకు తెలుసు. నీల్‌కు తెలుసని సినిమాలో ఎక్కడా లేదు. తెలిసి వెళ్ళుంటే నేనూ మీ పక్షమే. టోనీ బతికున్న పిల్లాడి కోసం కారు నడిపాడు, నీల్ తన లోపలి మంట కోసం నడిపాడు.

సెకండ్‌షో:
ట్రేహో భార్య కూడా ఒకప్పుడు బతికున్న మనిషే భయ్యా. ఆమె తరఫున అడిగేవాళ్ళు నీల్ తప్ప ఇంకెవరూ మిగల్లేదు. ఈడీకి అన్యాయం జరిగిందని ఒప్పుకుంటాను, పంతం అని మాత్రం అనను.