అప్‌డేట్: ఉత్తరాంధ్ర రాకుమారి చివరికి ఖద్దరే కట్టింది

మా కాలేజీ ఫెస్ట్‌లో ఒక్కొక్కరు ఒక్కో ప్రాంతపు రాకుమారిగా రావాలి, నాకు ఉత్తరాంధ్ర వచ్చింది, ఏం కట్టుకోను అని పోయిన వారం అడిగాను కదా. నిన్నటితో అయిపోయింది. అద్దె నగలు, కంచిపట్టు వద్దు, పొందూరు ఖద్దరు కట్టుకో అన్నవాళ్లకి దండాలు. అమ్మమ్మ బీరువాలోంచి తీసిన చీర, గంజి పెట్టి ఇస్త్రీ చేస్తే కుచ్చిళ్లు కత్తిలా నిలబడ్డాయి (కూర్చుంటే నలిగిపోతాయని రెండు గంటలు నిలబడే ఉన్నాను). చేతులకి ఏటికొప్పాక లక్క గాజులు. కిరీటం మాత్రం అట్టముక్కే, ఎంవీపీ కాలనీలో కొన్న బంగారు కాగితం అంటించాను.

బొబ్బిలి వీణని ఒకే పనస దుంగలోంచి చెక్కుతారని స్టేజి మీద చెబుదామనుకున్నది టెన్షన్‌లో మొత్తం మర్చిపోయాను. కానీ వాలుగ చేప దవడతో పత్తి ఏకి, ఆ నూలుతో ఈ బట్ట నేస్తారని చెప్పగానే ముందు వరస ఆంటీలు కొంగు పట్టుకుని చూడ్డానికి వచ్చేశారు. యాంకర్ నన్ను "రాయలసీమ రాకుమారి" అని పిలిచాడు, మైకు లాక్కుని "మాది సిక్కోలండీ" అన్నాను (సిక్కోలంటే శ్రీకాకుళమే).

ప్రైజు రాలేదు. అమ్మమ్మ ఫోటో చూసి, "కొంగుకి అంత లావు పిన్నీసు పెట్టావేంటే, చిరిగితే?" అంది. చిరగలేదు.