ఫారమ్ సబ్మిట్ చేస్తే పీహెచ్‌పీలో వాల్యూస్ రావట్లేదు, కాస్త చూడండి

అందరికీ నమస్తే, పీహెచ్‌పీ (వెబ్ సర్వర్‌లో నడిచే ప్రోగ్రామింగ్ భాష) కొత్తగా నేర్చుకుంటున్నా. ఫారమ్‌లో పేరు, ఫోన్, ఇష్టాలు (ఇవి చెక్‌బాక్సులు) పెట్టి మెథడ్ పోస్ట్ ఇచ్చా, ఒక పాత పీడీఎఫ్‌లో ఉన్నట్టే రెండో పేజీలో పేరు చూపించడానికి ఎకో $పేరు అని రాస్తే ఖాళీగా వస్తోంది, రెండ్రోజుల్నుంచి ఇదే గోల, పీడీఎఫ్‌లో మాత్రం అచ్చంగా అలాగే ఉంది మరి.

—

ముందు ఆ పీడీఎఫ్ పక్కన పడేయండి. అది రిజిస్టర్ గ్లోబల్స్ అనే పాత సెట్టింగ్ కాలం నాటిది, అప్పట్లో ఫీల్డ్ పేరే వేరియబుల్ అయి కూర్చునేది, ఎవడైనా అడ్రస్ బార్‌లో ?అడ్మిన్=1 అని తగిలించినా మన కోడ్‌లోకి దూరిపోయేది. దాన్ని 2002లో పీహెచ్‌పీ 4.2 వెర్షన్ నుంచి డిఫాల్ట్‌గా ఆపేశారు, 2012లో 5.4తో మొత్తానికే పీకేశారు. ఇప్పుడు $_పోస్ట్['పేరు'] అనాలి, పోస్ట్ క్యాపిటల్స్‌లోనే ఉండాలి.

—

థాంక్సండీ పేరు వచ్చింది!! కానీ ఫోన్‌కి అన్‌డిఫైన్డ్ అరే కీ అని (అంటే ఆ పేరుతో ఏమీ లేదని) వార్నింగ్, ఐడీ కూడా ఫోన్ అనే ఇచ్చా, స్పెల్లింగ్ పదిసార్లు చూసుకున్నా. చెక్‌బాక్సులు మూడు టిక్ చేస్తే చివరిదొక్కటే వస్తోంది.

—

ఐడీ కాదు బ్రో, నేమ్ ఇవ్వాలి. బ్రౌజర్ పంపేది నేమ్ ఉన్నవాటినే, ఐడీ లేబుల్‌కీ సీఎస్ఎస్‌కీ జావాస్క్రిప్ట్‌కీ పనికొస్తుంది అంతే (నేనూ ఒక రాత్రంతా దీనికే బలయ్యా). డిసేబుల్డ్ పెట్టిన ఫీల్డ్ కూడా రాదు, రీడ్‌ఓన్లీ అయితే వస్తుంది. చెక్‌బాక్సుల నేమ్ చివర [] తగిలించు, అంటే ఇష్టాలు[] అని, అప్పుడు అరేగా (లిస్టులా) వస్తాయి, ఫోర్‌ఈచ్ లూప్‌తో ఒక్కొక్కటీ తిప్పుకో. ఒక్కటీ టిక్ చెయ్యకపోతే అసలు ఆ కీయే రాదు కాబట్టి $_పోస్ట్['ఇష్టాలు'] ?? [] అని రాసుకో, కీ లేకపోతే ఖాళీ అరే తీసుకుంటుంది. ఇంకోటి, ఊహించుకుంటూ కూర్చోకుండా పేజీ పైనే ప్రింట్_ఆర్($_పోస్ట్) పెట్టి ఏమొచ్చిందో కళ్ళతో చూడు.

—

మధ్యలో దూరుతున్నా ఏమనుకోకండి, నాకు ప్రింట్_ఆర్ కూడా ఖాళీ అరేనే చూపిస్తోంది, జావాస్క్రిప్ట్‌లోని ఫెచ్‌తో డేటాని జేసన్ అనే టెక్స్ట్ ఫార్మాట్‌లో పంపిస్తున్నా.

—

జేసన్ $_పోస్ట్‌లోకి ఎక్కదండీ, మామూలు ఫారమ్ ఎన్‌కోడింగ్, మల్టీపార్ట్ (ఫైళ్ళున్న ఫారమ్‌కి వాడేది) ఈ రెండే ఎక్కుతాయి. ఫైల్_గెట్_కంటెంట్స్('పీహెచ్‌పీ://ఇన్‌పుట్')తో చదివి జేసన్_డీకోడ్‌కి ఇవ్వండి, రెండో ఆర్గ్యుమెంట్ ట్రూ పెడితే అరే వస్తుంది. పెద్ద ఫైల్ అప్‌లోడ్ చేసినప్పుడూ ఇలాగే అంతా ఖాళీ అవుతుంది, పోస్ట్_మ్యాక్స్_సైజ్ అనే పీహెచ్‌పీ సెట్టింగ్ డిఫాల్ట్ 8 ఎంబీ, అది దాటితే ఫైలే కాదు మిగతా ఫీల్డులు కూడా గల్లంతే.

—

నేమ్ పెట్టగానే ఫోన్ వచ్చేసింది, ఇష్టాలు మూడూ వచ్చాయి. ఇక ఎకో చేసి పేజీలో చూపించేస్తున్నా

—

ఆగాగు, నేరుగా ఎకో చెయ్యకు! పేరు బాక్సులో ఎవడైనా స్క్రిప్ట్ ట్యాగ్ కొడితే నీ పేజీలో అది రన్ అయిపోతుంది, ట్యాగుల్ని మామూలు అక్షరాల్లా మార్చే హెచ్‌టీఎంఎల్‌స్పెషల్‌చార్స్ ఫంక్షన్‌లో చుట్టి అప్పుడు ఎకో చెయ్యి.