బీఎంఐ 35 ఉంటేనే బరువు ఆపరేషన్‌కి ఇన్సూరెన్సా? ఇదేం లెక్క?

గుంటూరు_గోంగూర:
మా అక్కకి 44 ఏళ్లు. ఎనిమిదేళ్లుగా షుగర్. ఇన్సులిన్ మీద ఉన్నా హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్ చూపే రక్త పరీక్ష) 9 కిందకి దిగట్లేదు. డాక్టరు స్లీవ్ ఆపరేషన్ (బరువు తగ్గడానికి జీర్ణాశయంలో చాలా భాగం తీసేసి చిన్నది చేయడం) చేద్దామన్నారు. ఎత్తు 158 సెంటీమీటర్లు, బరువు 89 కిలోలు. బీఎంఐ అంటే కిలోల బరువుని మీటర్లలో ఎత్తుతో రెండుసార్లు భాగిస్తే వచ్చే అంకె. ప్రీఆథ్ (ఆపరేషన్‌కి ముందే ఇన్సూరెన్స్ కంపెనీ అనుమతి) పెడితే రిజెక్ట్. ‘బీఎంఐ 34.8, పాలసీ ప్రకారం 35 ఉండాలి’ అని ఒకే ముక్క. ఇంట్లో లెక్కేస్తే 35.7 వస్తోంది. ఫైలు తెప్పించి చూస్తే ఎత్తు 160 అని రాసుంది. ఆ రోజు అక్క ఎత్తు మడమల చెప్పులతోనే స్కేలు దగ్గర నిలబడిందట, ఎవరూ తీయమనలేదు!

అది సరిచేయించుకుంటాం, వేరే సంగతి. నేనడిగేది ఏంటంటే, నిజంగానే 34.8 ఉంటే ఆమెకి ఆపరేషన్ అక్కర్లేనట్టేనా?

టీపీఏలో_పదేళ్లు:
సోదరా, 35 అనేది మీ కంపెనీ సొంతంగా పెట్టుకున్న అంకె కాదు. ఒకప్పుడు చాలా పాలసీల్లో ఊబకాయం ఆపరేషన్ అసలు ఉండేదే కాదు. 2019లో ఇన్సూరెన్స్ కంపెనీల్ని నియంత్రించే ఐఆర్‌డీఏఐ, మినహాయింపుల (దేనికి డబ్బు ఇవ్వరో చెప్పే షరతుల) భాషని అన్ని కంపెనీలకీ ఒకటే చేసింది. డాక్టరు సలహా ఉండాలి, 18 ఏళ్లు నిండాలి, బీఎంఐ 40 ఉండాలి. లేదా 35 ఉండి, ఆపరేషన్ లేకుండా బరువు తగ్గే ప్రయత్నాలు ఫలించక, తోడు పెద్ద జబ్బు ఉండాలి: అదుపులో లేని టైప్ 2 షుగర్, తీవ్రమైన స్లీప్ ఆప్నియా (నిద్రలో ఊపిరి ఆగిపోతూ ఉండటం), గుండె రక్తనాళాల జబ్బు, ఊబకాయంతో గుండె కండరం దెబ్బతినడం. వీటిలో ఏదో ఒకటి. మీ అక్కగారిది సరిగ్గా ఈ రెండో దారి.

నైట్‌డ్యూటీ_నర్సమ్మ:
రూలు అందరికీ ఒకటే, ఒప్పుకుంటా. కానీ ఆ అంకె ఎక్కడిదండీ? 40, లేదా జబ్బులుంటే 35 అన్నది 1991లో అమెరికా ఆరోగ్య సంస్థ ఎన్‌ఐహెచ్ చెప్పిన మాట. 2022లో బేరియాట్రిక్ (బరువు తగ్గించే) సర్జన్ల అమెరికా, అంతర్జాతీయ సంఘాలే దాన్ని మార్చేశాయి. 35 ఉంటే జబ్బులతో పని లేకుండా చేయొచ్చు, షుగర్ లాంటివి ఉంటే 30 నుంచే ఆలోచించాలి, ఆసియా వాళ్లకి 27.5 నుంచే అన్నాయి. మనకి కొవ్వు పొట్ట దగ్గర చేరుతుంది, తక్కువ బరువుకే షుగర్ వస్తుంది. మా వార్డులో 31, 32 బీఎంఐతో కాళ్లు కుళ్లి చేరేవాళ్లని చూస్తూనే ఉన్నా. వాళ్ల వేలు తీసేయడానికి ఇన్సూరెన్స్ వెంటనే అప్రూవ్ అవుతుంది.

ప్రీమియం_బాధితుడు:
మంచి మాటే మేడమ్, కానీ 27.5 అంటే మా అపార్ట్‌మెంట్‌లో సగం మంది! నాకు 52 ఏళ్లు, ప్రీమియం ఏటా పెరుగుతోంది. అందరికీ ఆపరేషన్లు ఇస్తే ఆ భారం ఎవరి నెత్తిన పడుతుంది? ముందు అన్నం తగ్గించి, నడిచి చూడమనండి. అదీ చేయకుండా కత్తి దగ్గరికి పోవడం ఏంటి?

వరంగల్_పోరడు:
అన్నా, గుండెపోటొచ్చి స్టెంట్ వేస్తే ఎన్ని బిర్యానీలు తిన్నవని ఏ కంపెనీ అన్నా అడుగుతదా? లావున్నోళ్లని మాత్రం తిండి లెక్క అడుగుతరు. నేను 2022ల సొంత డబ్బుతో గ్యాస్ట్రిక్ బైపాస్ (గుండెది కాదు, బరువు తగ్గే ఆపరేషనే) చేయించుకున్న. నడక, డైటు, రెండు జిమ్ములు అన్నీ అయినంకనే. అయితే ఒకటి చెప్త: ఆపరేషన్‌తో కథ అయిపోదు. జీవితాంతం బీ12, ఐరన్, ఏటా రక్త పరీక్షలు. నా పాలసీ వాటికి ఒక్క పైస ఇయ్యది.

ప్రీమియం_బాధితుడు:
స్టెంట్ మాట కరెక్టే. అయినా 27.5కి ఒప్పుకోను. 32 దగ్గర పెట్టి, షుగర్ అదుపులో లేదని కాగితాలు చూపిస్తే సరేనంటా.

టీపీఏలో_పదేళ్లు:
ఆ కాగితాల దగ్గరే ఫైళ్లు పడిపోతాయి. ఒక్క హెచ్‌బీఏ1సీ రిపోర్టు పెడతారు, ‘అదుపులో లేదు’ అనడానికి అది చాలదంటారు. ఏడాది, రెండేళ్ల రిపోర్టులు వరసగా పెట్టండి. డైటీషియన్ దగ్గరికి వెళ్లిన తేదీలు, అప్పటి బరువులు కూడా కావాలి. ‘వాకింగ్ చేశాను’ అని నోటితో చెబితే నమ్మరు. వెయిటింగ్ పీరియడ్ (పాలసీ తీసుకున్నాక కొన్ని జబ్బులకి క్లెయిమ్ ఇవ్వని గడువు) అయిందా చూసుకోండి. 2024 నుంచి అది మూడేళ్లకి మించకూడదు.

క్యాష్‌లెస్ (కంపెనీయే ఆసుపత్రికి కట్టడం) కాదంటే క్లెయిమే పోయినట్టు కాదు, ముందు మీరు కట్టి తర్వాత రీయింబర్స్‌మెంట్‌కి పెట్టుకోవచ్చు. ముందు కంపెనీ గ్రీవెన్స్‌కి (ఫిర్యాదుల విభాగానికి) రాయండి. 30 రోజుల్లో తేలకపోతే హైదరాబాద్‌లో ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ (కంపెనీల మీద ఫిర్యాదులు విని తేల్చే అధికారి) ఉన్నారు. ఏపీ, తెలంగాణ రెండూ ఆయన కిందే. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు. అయితే 35 న్యాయమా కాదా అని ఆయన్ని అడక్కండి, పాలసీలో ఉన్నదాని మీదే చూస్తారు. మీ కేసుకి ఎత్తు తప్పే బలం.

గుంటూరు_గోంగూర:
అప్‌డేట్. నిన్న చెప్పులు విప్పించి కొలిచారు, 158. డాక్టరు సంతకం, స్టాంపు అయ్యాయి. కానీ కొత్త చిక్కు. ఆపరేషన్‌కి ముందు కాలేయం సైజు తగ్గాలని వారం నుంచి ప్రోటీన్ డైట్‌లో పెట్టారు. అక్క 86కి వచ్చింది. అంటే 34.4!

టీపీఏలో_పదేళ్లు:
డైట్ మొదలవక ముందు బరువు ఓపీ చీటీలో తేదీతో ఉంటుంది, అది జత చేయండి. ఈ డైట్ ఆపరేషన్ కోసమే పెట్టామని సర్జన్ చేత రెండు లైన్లు రాయించండి. కొత్తగా తూచి పంపకండి.

గుంటూరు_గోంగూర:
చీటీ దొరికింది, 89 అనే ఉంది. రేపు పంపుతున్నాం. అక్క మాత్రం ఇంట్లో తూకం మిషన్ మంచం కిందకి తోసేసింది, ఇంకా తగ్గిందేమోనని టెన్షనట.