తుపాను మీద చిన్న ప్రయోగానికి సర్కారు నిధులు ఎవరిని అడగాలి?

అందరికీ నమస్కారమండీ. మాది ఉద్దానం, వజ్రపుకొత్తూరు మండలం. 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను తీరం దాటింది మా దగ్గరే. కొబ్బరి, జీడితోటలు నేలకూలాయి, కరెంటు స్తంభాలు ఒరిగాయి, సెల్ టవర్లు మూగబోయాయి. హెచ్చరికలు ముందే వచ్చాయి, కాదనను. గాలి ఆగాకే అసలు చిక్కంతా. పలాసలో అక్క ఎలా ఉందో తెలియక మా నాన్న పడిపోయిన చెట్లు దాటుకుంటూ నడిచే వెళ్లాడు.

ఇప్పుడు నేనో ప్రైవేటు డిగ్రీ కాలేజీలో ఫిజిక్స్ చెబుతున్నాను. కరెంటు, సిగ్నల్ లేకపోయినా ఊరి నుంచి ఊరికి చిన్న సందేశాలు చేరవేసే రేడియో పరికరాలను మూడు ఊళ్లలో పరీక్షించాలని ఉంది. 865 మెగాహెర్ట్జ్ దగ్గర తక్కువ శక్తి పరికరాలకు మన దేశంలో లైసెన్సు అక్కర్లేదు. కాబట్టి చిక్కు డబ్బు దగ్గరే.

15వ ఆర్థిక సంఘం రాష్ట్రాల విపత్తు నిధిలో 80 శాతం సహాయానికి, 20 శాతం ముందస్తు నష్టనివారణకు అంది. ఆ 20 శాతంలో ఇలాంటి పరిశోధనకు చోటుందా? ఒక ఆఫీసులో అడిగితే ఇంకో ఆఫీసు చూపించారు, అక్కడివాళ్లు మళ్లీ మొదటిదే చూపించారు! పరిశోధనలకు నిధులిచ్చే కేంద్ర సంస్థ సెర్బ్ స్థానంలో వచ్చిన అనుసంధాన్ ఫౌండేషన్‌కు రాయాలా, కేంద్ర సైన్స్ అండ్ టెక్నాలజీ శాఖ (డీఎస్‌టీ)లో సమాజానికి పనికొచ్చే సైన్స్ పనులు చూసే సీడ్ విభాగానికా? పీహెచ్‌డీ లేని నాలాంటివాడు యూనివర్సిటీ ప్రొఫెసర్‌తో కలిసి దరఖాస్తు చేస్తే నడుస్తుందా? ఈ దారిలో వెళ్లినవాళ్లుంటే బడ్జెట్ ఎలా రాశారో కాస్త చెప్పండి.